స్క్రీన్ మీద 2, రాత్రి మొత్తానికి 16: సీప్యాప్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస మాటిమాటికీ ఆగే జబ్బు స్లీప్ అప్నియా. దానికోసం రాత్రంతా మాస్క్ ద్వారా కొంచెం ఒత్తిడితో గాలి పంపే మెషినే సీప్యాప్. పొద్దున లేచి ఆ మెషిన్ స్క్రీన్ చూస్తే ఏహెచ్‌ఐ 2 అని ఉంటుంది. అంటే అంతా బాగున్నట్టే. కానీ తల దిమ్ముగా ఉంటుంది, ఆఫీసులో కూర్చున్న గంటకే ఆవలింతలు మొదలవుతాయి, మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పట్టేస్తుంది. ఈ మెషిన్ వాడేవాళ్లలో చాలామంది మాట ఇదే: "మెషిన్ బాగుందంటోంది, నాకే బాగాలేదు." ఇందులో మెషిన్ అబద్ధమాడటం లేదు, మనిషీ ఆడటం లేదు. చిక్కల్లా ఆ అంకె దేన్ని కొలుస్తోందన్న దగ్గరే ఉంది.

నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది, ఎన్నిసార్లు బాగా తగ్గింది అన్న లెక్కే ఏహెచ్‌ఐ. కనీసం పది సెకన్ల పాటు ఆగితేనో తగ్గితేనో లెక్కలోకి తీసుకుంటారు. గంటకు 5 లోపు ఉంటే మామూలు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. స్లీప్ స్టడీలో, అంటే రాత్రి నిద్రలో చేసే పరీక్షలో, 30 వచ్చిన మనిషి ఒకరున్నారనుకుందాం. రాత్రి పదకొండింటికి మాస్క్ పెట్టుకుని పడుకుంటారు, ఏడింటికి లేస్తారు. మధ్యలో మూడింటికి నిద్రమత్తులోనే మాస్క్ పీకేసి పక్కన పడేస్తారు. మాస్క్ ఉన్న నాలుగు గంటల్లో గంటకు 2 చొప్పున 8 సార్లు శ్వాసకు ఆటంకం వచ్చింది. మాస్క్ లేని నాలుగు గంటల్లో పాత లెక్కనే గంటకు 30 చొప్పున 120 సార్లు. మొత్తం 128. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 16. మధ్యస్థ స్థాయి స్లీప్ అప్నియా ఇంకా ఉన్నట్టే. మెషిన్‌కు తెలిసింది మాత్రం తను నడిచిన నాలుగు గంటలే. ఆ నాలుగు గంటలకు అది చూపించిన 2 నూటికి నూరుపాళ్లు నిజం.

నిజానికి పరిస్థితి ఈ లెక్క చెప్పేదానికన్నా కాస్త అధ్వానంగానే ఉంటుంది. కలలొచ్చే నిద్ర, అంటే రెమ్ నిద్ర, రాత్రి రెండో సగంలోనే ఎక్కువ. ఆ దశలో ఒంట్లోని కండరాలు బాగా వదులైపోతాయి, గొంతు కండరాలు కూడా. అందుకే చాలామందిలో శ్వాస ఆగడం, ఆక్సిజన్ పడిపోవడం తెల్లవారుజామునే ఎక్కువ. మూడింటికి మాస్క్ తీసేసినవాళ్లు సరిగ్గా మెషిన్ అవసరం ఎక్కువగా ఉన్న వేళకే దాన్ని పక్కన పెడుతున్నారన్నమాట.

నాలుగు గంటలు ఎవరి లెక్క?

"రోజుకు నాలుగు గంటలు వాడితే చాలట" అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ఇది ఎక్కువగా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ నిబంధన వల్ల పాతుకుపోయింది. మొదటి మూడు నెలల్లో ఏదో ఒక 30 రోజుల వ్యవధిలో 70 శాతం రాత్రులు కనీసం నాలుగు గంటలు వాడినట్టు తేలితేనే మెడికేర్ మెషిన్‌కు డబ్బు చెల్లించడం కొనసాగిస్తుంది. అది బిల్లు కట్టడానికి గీసుకున్న గీత. ఒంటికి అంత వాడకం చాలని ఎవరూ తేల్చి చెప్పింది కాదు.

ఎన్ని గంటలకు ఎంత ఫలితం అన్నది 2007లో 'స్లీప్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం విడిగా చూసింది. మగత తగ్గిందని మనిషికి అనిపించడానికి సుమారు నాలుగు గంటలు సరిపోయింది. పగలు పరీక్ష పెట్టి మగతను కొలిస్తే ఆరు గంటల దాకా మెరుగుదల కనిపించింది. రోజువారీ పనులు మామూలుగా చేసుకోగలగడంలో ఏడున్నర గంటల దాకా. నాలుగు గంటలకే "బాగానే ఉంది" అనిపించడం వెనక ఉన్న మోసం ఇదే. ఏళ్ల తరబడి మగతలో బతికినవాళ్లకు సగం మగత పోయినా పండగలాగే ఉంటుంది.

గుండె సంగతి చూస్తే గంటల లెక్క ఇంకా గట్టిగా కనిపిస్తుంది. 2016లో వెలువడిన 'సేవ్' అనే పెద్ద పరిశోధనలో అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,700 మందికి పైగా పాల్గొన్నారు. సీప్యాప్ ఇచ్చినవాళ్లలోనూ ఇవ్వనివాళ్లలోనూ గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు ఒకేలా వచ్చాయి. దాంతో "గుండెకు ఇదేం పనికిరాదు" అని కొందరు తేల్చేశారు. అందులో మెషిన్ సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే. సగం రాత్రి కూడా తీసుకోని మందు పనిచేయలేదంటే తప్పు ఎవరిదో చెప్పడం కష్టం. అయితే ఆ పరిశోధనలో పగటి మగత ఎక్కువగా ఉన్నవాళ్లను తీసుకోలేదన్న విషయాన్నీ మరిచిపోకూడదు.

కాబట్టి ఫలితం బాగుండాలంటే ముందు అడగాల్సింది ప్రెషర్ ఎంత పెట్టాలని కాదు. మాస్క్ ఎందుకు ఊడుతోంది అని. దానికి సమాధానం మామూలుగా మూడు చోట్ల దొరుకుతుంది: లీక్, ముక్కు, ఊపిరాడనట్టు ఉండే ఆ మొదటి పది నిమిషాలు.

లీక్: బిగిస్తే పోయేది కాదు

మాస్క్ పక్కనుంచి గాలి బుస్సుమంటుంటే అందరూ చేసే పని స్ట్రాప్ లాగి బిగించడం. చాలాసార్లు దీనివల్లే లీక్ పెరుగుతుంది. సిలికాన్ కుషన్ అంచు చాలా పలచగా ఉంటుంది. లోపలి గాలి ఒత్తిడికి అది బెలూన్‌లా ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. స్ట్రాపులు బిగించేస్తే ఆ అంచు ముడుచుకుపోయి ఉబ్బడానికి చోటుండదు. ఒకచోట నొక్కుకుపోయి ఇంకోచోట సందు పడుతుంది. పొద్దున్నకల్లా ముక్కు దూలం మీద ఎర్రటి గాటు, బుగ్గల మీద చారలు. ఆ నొప్పికే మర్నాడు రాత్రి మూడింటికి చెయ్యి దానంతటదే మాస్క్ మీదికి పోతుంది.

మాస్క్ సరిచూసుకోవాల్సింది అద్దం ముందు నిలబడి కాదు, పడుకుని. నిలబడినప్పుడు ఉండే ముఖం వేరు, పడుకున్నప్పుడు వేరు. బుగ్గలు వెనక్కి జారతాయి, దవడ వదులవుతుంది. అందుకని రోజూ పడుకునే దిండు మీదే, రోజూ పడుకునే పక్కకే తిరిగి, మెషిన్ ఆన్ చేసి, రాత్రి మామూలుగా వచ్చే ప్రెషర్ ఉండగానే చూసుకోవాలి. చాలా మెషిన్లలో ఇందుకోసం మాస్క్ ఫిట్ అనే ఆప్షన్ ఉంటుంది, కొద్దిసేపు పూర్తి గాలి వదులుతుంది. స్ట్రాపులన్నీ వదులు చేసుకోవాలి. మాస్క్‌ను ముఖం మీద నుంచి ఓ వేలు మందం ముందుకు లాగి, కుషన్ ఉబ్బాక నెమ్మదిగా వదిలి చర్మానికి ఆననివ్వాలి. ఆ తర్వాత రెండు వైపులా సమానంగా, లీక్ ఆగేంతవరకే బిగించుకోవాలి, అంతకు మించి ఒక్క పిసరు కూడా వద్దు. స్ట్రాప్ కింద వేలు దూరేంత చోటు ఉంటే సరిపోయినట్టే. పక్కకు దొర్లి మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఇదంతా అయిదు నిమిషాల పని, కొన్నప్పుడు ఎవరూ దగ్గరుండి చేయించరు.

మాస్క్ కొత్తలో బాగుండి రెండు మూడు నెలల్లో కారడం మొదలెడితే తప్పు స్ట్రాపులది కాకపోవచ్చు. ముఖం జిడ్డు పట్టి సిలికాన్ మెత్తబడుతుంది, పట్టు పోతుంది. పడుకునే ముందు ముఖం కడుక్కోవడం, రాత్రి క్రీములు మాస్క్ ఆనే చోట రాయకపోవడం, కుషన్‌ను రోజూ తుడవడం అందుకే. అయినా పట్టు రాకపోతే కుషన్ మార్చాలి, మాస్క్ మొత్తం అక్కర్లేదు. గడ్డం పెంచుకున్నవాళ్లకు బుగ్గలను కప్పే మాస్కులు సరిగా ఆనవు. ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే పిల్లోస్ రకం వాళ్లకు నయం.

లీక్ అంకె చదివేటప్పుడు ఓ జాగ్రత్త. ప్రతి మాస్క్‌కూ మనం వదిలిన గాలి బయటికి పోవడానికి కావాలనే పెట్టిన రంధ్రాలుంటాయి. వాటిని మూయకూడదు. కొన్ని మెషిన్లు ఆ గాలిని తీసేసి మిగిలిన లీక్‌నే చూపిస్తాయి, కొన్ని రెండూ కలిపి చూపిస్తాయి. రెస్‌మెడ్ కంపెనీ మెషిన్లలో మొదటి పద్ధతి, అక్కడ నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీక్ కింద లెక్క. పక్కింటాయన మెషిన్ అంకెతో మన మెషిన్ అంకెను పోల్చుకుని టెన్షన్ పడటంలో అర్థం లేదు. ఇంకో సంగతి, లీక్ బాగా ఎక్కువగా ఉన్న రాత్రి ఏహెచ్‌ఐని కూడా నమ్మలేం. శ్వాసను గాలి ప్రవాహంతోనే మెషిన్ పసిగడుతుంది. గాలి పక్కదారి పడితే దానికి లెక్క చిక్కదు.

ముక్కు ఎండితే నోరు తెరుచుకుంటుంది

ముక్కు మాస్క్ వాడేవాళ్లకు ఒక విషవలయం ఉంది. నిద్రలో నోరు కొంచెం తెరుచుకుంటుంది. ముక్కులోంచి వెళ్లిన గాలి నోట్లోంచి బయటికి పోతుంది. మామూలుగా మనం ముక్కుతోనే వదిలే గాలి వెళుతూ వెళుతూ తన తేమను కొంత ముక్కుకే ఇచ్చేసి పోతుంది. ఇక్కడ గాలి ఒకవైపే పరుగెడుతుంది కాబట్టి ఇవ్వడమంటూ లేదు, తీసుకోవడమే. ముక్కు ఎండిపోతుంది. ఎండిన ముక్కు లోపలి పొర వాస్తుంది, దిబ్బడ పడుతుంది. ముక్కు దిబ్బడ పడితే నోరు ఇంకా తెరుచుకుంటుంది. పొద్దున్నకు నాలుక అట్టలా అయిపోతుంది.

దీనికి జవాబు గాలికి వెచ్చదనం, తేమ ఇచ్చే హ్యూమిడిఫైయర్. ఉన్నా దాన్ని ఆఫ్‌లో పెట్టుకునేవాళ్లు చాలామంది, నీళ్లు నింపడం బద్ధకం కాబట్టి. తేమ ఎక్కువ పెడితే, గది చల్లగా ఉంటే ట్యూబ్‌లో నీటి బొట్లు చేరి గుడగుడమంటూ ముఖం మీద పడతాయి. అప్పుడు తేమ తగ్గించడం ఒక దారి, వేడయ్యే ట్యూబ్ వాడటం ఇంకా మంచి దారి. ట్యూబ్‌ను దుప్పటి కిందినుంచి తెచ్చుకున్నా కొంత పని జరుగుతుంది. అలర్జీ వల్ల ముక్కు ఎప్పుడూ మూసుకుపోయేవాళ్లు మాత్రం హ్యూమిడిఫైయర్ అంకెలతో కుస్తీ పట్టి లాభం లేదు. సెలైన్‌తో ముక్కు కడగడం, డాక్టర్ రాసే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే లాంటివి ముందు పడాలి. ముక్కులో ఎముక వంకర ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.

నోరు తెరుచుకుంటోందనగానే ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్క్ అంటగట్టడం మామూలైంది. కొందరికి అది తప్పదు. కానీ మొదటి ఎంపికగా అది అంత మంచిది కాదు. అలాంటి మాస్క్‌తో ఎక్కువ ప్రెషర్ అవసరమవుతుందని, లీక్ ఎక్కువని, వాడకం తగ్గుతుందని చాలా అధ్యయనాలు చూపించాయి. స్ట్రాపులు కింది దవడను వెనక్కి నొక్కుతాయి, దవడతో పాటు నాలుకా వెనక్కి జరుగుతుంది. తెరవాల్సిన దారిని మాస్కే మూస్తున్నట్టు. పెద్ద మాస్క్‌తో ఎన్నాళ్లకూ అంకెలు దిగిరానివాళ్లు, ముక్కు బాగు చేయించుకుని ముక్కు మాస్క్‌కు మారి చూడటం మేలు.

ప్రెషర్: ఎక్కువైతే ఎంత ఇబ్బందో తక్కువైతేనూ అంతే

సీప్యాప్ ఆలోచన చాలా సింపుల్. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ 1980లో దీన్ని మొదట రోగి మీద ప్రయత్నించారు, 1981లో 'లాన్సెట్'లో అయిదుగురు రోగుల ఫలితాలు ప్రచురించారు. ముక్కులోంచి కొంచెం ఒత్తిడితో గాలి పంపితే, గొంతు గోడలు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆ గాలే లోపల దన్నుగా నిలబడుతుంది. మెషిన్ మనకు బదులు ఊపిరి పీల్చదు, ఆక్సిజన్ ఇవ్వదు. దారి తెరిచి ఉంచుతుంది, అంతే.

ఇప్పటి మెషిన్లు ప్రెషర్‌ను నీటి మట్టం లెక్కన 4 నుంచి 20 సెంటీమీటర్ల దాకా ఇస్తాయి. ఆటో మెషిన్లు అవసరాన్ని బట్టి తామే పెంచుతాయి, తగ్గిస్తాయి. ఆ 4 నుంచి 20 దాకా ఉన్న మొత్తం పరిధిని అలాగే వదిలేసి ఇంటికి పంపడం చాలాచోట్ల జరుగుతోంది, ఇది సోమరి పద్ధతి. 4 అన్నది చాలామంది పెద్దవాళ్లకు ఊపిరి అందనట్టు ఉంటుంది. మెషిన్ ఎక్కువా ఊపిరి తక్కువా అన్నట్టు అనిపించి, పడుకున్న పది నిమిషాలకే గుండె దడ మొదలై మాస్క్ తీసేస్తారు. పైగా శ్వాసకు అడ్డం పడటం మొదలయ్యాకే ఆటో మెషిన్ ప్రెషర్ పెంచుతుంది. నెమ్మదిగా 4 నుంచి 10 దాకా ఎక్కేలోపు కొన్ని ఆటంకాలు అయిపోయే ఉంటాయి. రిపోర్టులో రాత్రి చాలాభాగం 9, 10 దగ్గరే గడుస్తున్నట్టు కనిపిస్తే, కనీస ప్రెషర్‌ను 7కో 8కో పెంచడం గురించి స్లీప్ డాక్టర్‌ను అడగొచ్చు. మనంతట మనమే సెట్టింగ్ మెనూలోకి దూరి మార్చడం, ముఖ్యంగా గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవాళ్లు మార్చడం, మంచిది కాదు.

ర్యాంప్ అనే సౌకర్యం తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతుంది. ఊపిరాడనట్టుండేవాళ్లకు దాన్ని ఇంకా తక్కువ నుంచి కాక ఇంకాస్త ఎక్కువ నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. ఊపిరి వదిలేటప్పుడు ఎదురుగాలి కొడుతున్నట్టు ఉండేవాళ్లకు, వదిలేవేళ ప్రెషర్ కొద్దిగా తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. గాలి మింగేసి పొద్దున్నే పొట్ట ఉబ్బరం, త్రేన్పులతో లేచేవాళ్లకు కూడా ఇది కొంత ఉపశమనం. మాస్క్ ముఖాన్ని మూయగానే భయమేసేవాళ్లు పగటిపూట మెలకువగా, టీవీ చూస్తూనో పేపర్ చదువుతూనో మాస్క్ పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకోవాలి. మొదట మెషిన్ లేకుండా మాస్క్ ఒక్కటే, తర్వాత గాలితో. చిన్నపిల్లల చేష్టలా అనిపించినా పనిచేసే పద్ధతి ఇది. మొదటి వారంలో ఎలా వాడారన్నదాన్ని బట్టే తర్వాతి నెలల వాడకం చాలావరకు చెప్పేయొచ్చు కాబట్టి, ఇబ్బందిని నెల రోజుల తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా మోయకుండా మూడో రోజే ఫోన్ చేయడం నయం.

రిపోర్టులో మొత్తం ఏహెచ్‌ఐ కన్నా దాని లోపలి పంపకం ఎక్కువ చెబుతుంది. ఆటంకాలు రాత్రంతా చెదురుగా కాకుండా ఒక అరగంటలో గుంపుగా పడితే, ఆ సమయంలో వెల్లకిలా పడుకున్నారనో, ఎత్తు దిండు వల్ల గడ్డం ఛాతీకి ఆనుకుని గొంతు మడతపడిందనో అనుమానించాలి. దిండు మార్చడంతోనే కొందరికి అంకె తగ్గుతుంది. మెషిన్‌లో ఎస్‌డీ కార్డ్ ఉంటే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ గ్రాఫులు నిమిషం నిమిషం చూసుకోవచ్చు. అయితే రోజూ గ్రాఫులే చూస్తూ 1.8 నిన్న 2.4 ఎందుకైందని నిద్ర పాడుచేసుకునేవాళ్లూ ఉన్నారు. వారానికోసారి చూస్తే ఎక్కువ.

శ్వాస ఆగినవాటిలో దారి తెరిచే ఉన్నా ఆగినవి, అంటే మెదడు నుంచి ఊపిరి పీల్చమన్న సంకేతమే రానివి, ఎక్కువగా కనిపిస్తే సంగతి వేరు. దీన్ని సెంట్రల్ అప్నియా అంటారు. సీప్యాప్ మొదలెట్టాక కొందరిలో ఇది కొత్తగా వస్తుంది, చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ప్రెషర్ పెంచితే ఇది తగ్గదు, పెరగొచ్చు కూడా. దీనికి వాడే, ఊపిరి ఊపిరికీ ఒత్తిడి మార్చే ఏఎస్‌వీ అనే మెషిన్ అందరికీ పనికొచ్చేది కాదు. గుండె పంపింగ్ బాగా తగ్గి, సెంట్రల్ అప్నియా ఎక్కువగా ఉన్నవాళ్లలో దానివల్ల గుండె సంబంధ మరణాలు పెరిగాయని 2015లో 'సెర్వ్-హెచ్ఎఫ్' పరిశోధనలో తేలింది.

శుభ్రత గురించి ఎక్కువ చెప్పాల్సిందేమీ లేదు. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, ట్యాంక్‌లో డిస్టిల్డ్ వాటర్, పొద్దున్నే మిగిలిన నీళ్లు పారబోయడం. ఓజోన్ గాలితో శుభ్రం చేసే పెట్టెలు అక్కర్లేదు. వాటివల్ల ఉండే ప్రమాదాల గురించి అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది.

అంతా సరిగా ఉన్నా నిద్రమత్తు వదలకపోతే

ఏడు గంటలు వాడకం, లీక్ లేదు, ఏహెచ్‌ఐ 3. అయినా మగత. ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. ముందు గమనించాల్సింది, మెషిన్ చూపే ఏహెచ్‌ఐ, స్లీప్ స్టడీలో వచ్చే ఏహెచ్‌ఐ ఒకటి కావు. మెషిన్‌కు మనిషి నిద్రపోతున్నాడో మెలకువగా ఉన్నాడో తెలియదు, ఆక్సిజన్ ఎంతుందో తెలియదు. మెలకువగా దొర్లిన గంటనూ నిద్ర గంటగానే లెక్కేసి భాగిస్తుంది. అందువల్ల ఒక రాత్రి వేలికి ఆక్సిమీటర్ పెట్టి ఆక్సిజన్ రికార్డు చేయించడమో, మెషిన్‌తోనే మళ్లీ స్లీప్ స్టడీ చేయించడమో అవసరం కావచ్చు.

మగత ఎంతుందన్నది మాటల్లో కాక అంకెల్లో పట్టుకోవడానికి ఎప్‌వర్త్ స్కేల్ ఉంది. మెల్‌బోర్న్‌కు చెందిన ముర్రే జాన్స్ 1991లో తయారుచేశారు. చదువుతూ, టీవీ చూస్తూ, కారులో ప్రయాణిస్తూ, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశాన్ని 0 నుంచి 3 దాకా మార్కులేసుకోవాలి. మొత్తం 24. పది దాటితే మామూలు కాదు. మెషిన్ మొదలుపెట్టక ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి వేసుకుంటే, "ఏమో, కొంచెం బాగున్నట్టే ఉంది" అన్న జవాబు కన్నా డాక్టర్‌కు ఎంతో ఉపయోగం. ఇంట్లోవాళ్లను కూడా ఒకసారి వేయమంటే ఇంకా మంచిది, తాము కునుకు తీసిన సంగతి చాలామందికి తెలియదు. బండి నడుపుతూ కళ్లు మూతలు పడేవాళ్లు ఇది తేలేదాకా స్టీరింగ్ పట్టుకోకూడదు.

ఆ మార్కు దిగకపోతే మిగతా కారణాలు చూడాలి. మొత్తం నిద్రే ఆరు గంటలు దాటకపోవడం అన్నిటికన్నా మామూలు కారణం, దానికి ఏ మెషినూ మందు కాదు. పడుకోగానే కాళ్లు లాగే జబ్బు, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్, అలర్జీకీ నిద్రకూ వేసుకునే మాత్రలు, సాయంత్రం మద్యం తాగే అలవాటు, అరుదుగా నార్కోలెప్సీ, అంటే పగలు ఉన్నట్టుండి ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు. తాగుడు, కొన్ని నిద్ర మాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేసి అదే ప్రెషర్‌ను చాలకుండా చేస్తాయి కూడా.

బరువు మారినా ప్రెషర్ అవసరం మారుతుంది. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర స్లీప్ అప్నియా ఉన్న పెద్దవాళ్లకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ అనుమతించాక, బరువు తగ్గి మెషిన్ వదిలేయొచ్చా అన్న ప్రశ్న పెరిగింది. కొందరి విషయంలో వదిలేయొచ్చు. కానీ గురక తగ్గిందని ఇంట్లోవాళ్లు అన్నారనో, మెషిన్ ఏహెచ్‌ఐ 1 చూపిస్తోందనో వదిలేయకూడదు. ఆ 1 మెషిన్ పెట్టుకుంటే వచ్చిన 1. మెషిన్ లేకుండా ఎంత వస్తుందో తెలియాలంటే మెషిన్ లేకుండానే స్లీప్ స్టడీ మళ్లీ చేయించాలి. అది వచ్చేదాకా మాస్క్ రాత్రంతా ముఖం మీదే ఉండాలి, మూడు దాటాక కూడా.